తొమ్మిదో బావి

నా ఉద్యోగం ఏమిటో మా ఊళ్ళో ఎవరికీ సరిగ్గా చెప్పలేకపోయాను. మా అమ్మ మాత్రం అడిగిన వాళ్ళకంతా "తిరపతిలో కంప్యూటర్లో లెక్కలెక్కిస్తాది" అని చెప్పేది. తప్పేమీ కాదు, నేను చేసింది అదే.

తిరుపతిలో ఒక పరిశోధనా కేంద్రం నన్ను రెండేండ్ల కాంట్రాక్టు మీద తీసుకుంది. శాస్త్రవేత్తలు ఏండ్ల తరబడి పోగుచేసిన కొలతలన్నీ వాళ్ళ బీరువాల్లో, పెన్‌డ్రైవుల్లో పడి ఉంటాయి. వాటిని శుభ్రం చేసి, ఏ కాలమ్‌లో ఏముందో, ఎవరు కొలిచారో, ఎట్లా కొలిచారో రాసి, అందరికీ కనపడేలా వెబ్‌సైటులో పెట్టాలి. ఎవరైనా దించుకోవచ్చు. ఎవరైనా సరిచూడొచ్చు. తప్పుంటే చెప్పొచ్చు. శాస్త్రవేత్తలకు ఈ అలవాటు నేర్పించడమే నా పని. మా ప్రాజెక్టుకు పెద్ద మోహన మేడం. మొదటి రోజే ఆమె, "అమలా, కంప్యూటర్ పని సులభం. మనుషులతోనే కష్టం. ముందే చెప్తా ఉండాను, తర్వాత నా మీద పడి ఏడవొద్దు" అంది.

నేను నమ్మలేదు. మా ఇంట్లో డిగ్రీ చదివింది నేనే మొదట. స్టాటిస్టిక్స్‌లో ఎమ్మెస్సీ చేశాను. అర్థమయ్యేట్టు చెబితే చదువుకున్న వాళ్ళు ఎందుకు ఒప్పుకోరు అనుకున్నాను.

మొదటి శిక్షణకు ఇరవై ముగ్గురు వచ్చారు. భోజనాలయ్యాక ఆరుగురు మిగిలారు. వాళ్ళలో మట్టి విభాగం పెద్దాయన ఒకరు లేచి, "అమ్మా, నువ్వు చెప్పేది ఎట్లుండాదంటే, వంట చేసుకునేటప్పుడు వీధి తలుపు తీసి పెట్టుకోమన్నట్టుండాది" అన్నారు.

"అవును సార్, అంతే" అన్నాను.

అందరూ నవ్వారు. నేను వేళాకోళానికి అన్నాననుకున్నారు. నేను నిజంగానే అన్నాను.

తర్వాత ఒక్కొక్కరి గది దగ్గరికీ వెళ్ళాను. ఒకాయన కుర్చీ చూపించి కాఫీ ఇప్పించి, "నా రీసెర్చి పేపర్ రానీ అమ్మా, తర్వాత చూద్దాం" అన్నారు. ఆ పేపర్ ఆరేండ్లుగా వస్తూనే ఉందట. ఇంకొకాయన, "ఎవురో జర్మనీవాడు నా లెక్కలో తప్పు పట్టినాడనుకో, వానికి జవాబెవురు చెప్తారు? నువ్వా? నీ కాంట్రాక్టు మార్చికి అయిపోతాది గదా" అన్నారు. ఏడాదిన్నర గడిచినా మా వెబ్‌సైటులో ఒక్కటంటే ఒక్క ఫైలే ఉంది. అది ఎట్లా పెట్టాలో చూపించడానికి నేను తయారుచేసిన ఉత్తుత్తి ఫైలు.

అప్పుడు గుణశేఖర్ సార్ నన్ను పిలిపించారు.

సార్ భూగర్భ జలాల శాస్త్రవేత్త. మేలో రిటైర్ కావాలి. వడమాలపేట చుట్టుపక్కల పల్లెల్లో పద్నాలుగు బావుల్లో నీటి మట్టం నెలనెలా కొలిపించి రాయించారు, పంతొమ్మిదేండ్లు. పంతొమ్మిది నోటుపుస్తకాలు బల్ల మీద పేర్చి, "తీసుకుపో అమలా. నా తర్వాత ఎలుకలకే ఇవి. నీ వెబ్‌సైటులో పెట్టు" అన్నారు.

పై పుస్తకం తెరిచాను. ఆ రాత నాకు తెలుసు. అది మా నాయన రాత.

మా నాయన పేరు శాంతయ్య. ఎనిమిది వరకు చదివాడు. ఆ బావులు కొలిచింది ఆయనే, రోజు కూలీగా. నెల మొదటి వారంలో సైకిలుకు టేపు పెట్టె కట్టుకొని బయలుదేరేవాడు. స్టీలు టేపు చివర రెండడుగుల మేర సుద్దముక్క రుద్ది బావిలోకి దించితే, తడిసిన చోట సుద్ద నల్లబడుతుంది. బావి గట్టు మీది ఎర్రరంగు గుర్తు నుంచి అక్కడికి ఎంతో చూసి రాసుకోవాలి. కొలత పక్కన నాయన ఇంకా ఏవేవో రాసేవాడు. 'రాత్రి వాన.' 'మోటరు ఆడతా ఉండాది, అరగంట నిలబడి కొలిచినా.' 'పాము.' మా అమ్మ ఎగతాళి చేసేది: "ఈయప్ప పెండ్లి చేసుకున్నింది నన్నా, ఆ బావుల్నా?" మూడేండ్ల కింద నాయన మోకాలు చెడిపోయింది. కొలతలు అంతటితో ఆగిపోయాయి.

వెబ్‌సైటులో ఒక్కో ఫైలుకూ నింపాల్సిన పత్రం ఒకటుంది. అందులో 'కొలతలు తీసినవారు' అని ఒక గడి. ఆ డేటాను ఏ దేశంలో ఎవరు వాడుకున్నా ఆ గడిలోని పేర్లు తమ పేపర్లో రాయాల్సిందే. సార్‌ను అడిగాను, "సార్, ఆ గడిలో నాయన పేరు రాయొచ్చా?"

"అడగాల్నా? శాంతయ్య లేకపోతే ఈ పుస్తకాలెక్కడివి? నా పేరు కంటే ముందు రాయి" అన్నారు సార్. ఆ మాట ఆయన మనస్ఫూర్తిగానే అన్నారు. ఇప్పుడు కూడా నాకు అందులో అనుమానం లేదు.

ఆ సాయంత్రం ఇంటికి పోయి చెప్పాను. నాయన, "ఇంటిపేరుతోనా?" అన్నాడు.

"ఇంటిపేరుతోనే నాయనా."

"తెలుగులోనా, ఇంగ్లీషులోనా?"

"రెండిట్లోనూ రాస్తా."

మరుసటి రోజు మళ్ళీ అడిగాడు, ఇంటిపేరుతోనా అని. ఆ తర్వాతి రోజు కూడా. మా అమ్మ, "ఒరే నాయనా, ఫోటో కూడా ఏస్తారేమో అడగరాదా, మీసం దిద్దుకుందువు" అంది. నాయన నవ్వాడు. తర్వాత అన్నం తింటూ తింటూ, "పద్నాలుగు బావులూ పెడతారా?" అని అడిగాడు.

"పద్నాలుగూ."

కంచంలో అన్నం ఇంకా ఉంది. చెయ్యి కడుక్కోవడానికి లేచాడు. నేను పట్టించుకోలేదు. సంతోషంతో తినలేకపోయాడనుకున్నాను.

పుస్తకాల్లోని కొలతలన్నీ ఎక్కించడానికి నాలుగు నెలలు పట్టింది. ఎక్కించాక సరిచూడాలి. బావికొక గీత చొప్పున పద్నాలుగు గీతలు గీయించాను. పన్నెండు బావుల గీతలు పల్లెల్లో మనుషుల్లాగా దేనిదారిన అది ఉన్నాయి. ఎనిమిదో బావి గీత, తొమ్మిదో బావి గీత మాత్రం ఒకటే గీతను రెండుసార్లు గీసినట్టున్నాయి.

నేనే తప్పు ఎక్కించానేమోనని పుస్తకాలు మళ్ళీ తీశాను. ఎనిమిదో బావి మా కాలనీది. తొమ్మిదోది చిన్న గుట్టకు అవతల పక్క, ఊళ్ళో పెద్ద రైతు కుప్పుస్వామి గారి ఇంటి దగ్గరిది. మొదటి పుస్తకం మొదటి పేజీ సార్ చేతిరాత. ఆ రోజు సారే స్వయంగా కొలిచారు. ఎనిమిదో బావి ఆరు మీటర్ల ముప్పై సెంటీమీటర్లు. తొమ్మిదోది ఏడు మీటర్ల యాభై. తేడా మీటరు ఇరవై. రెండో పేజీ నుంచి నాయన రాత. మరుసటి నెల తేడా మీటరు ఇరవై. ఆ తర్వాతి నెలా మీటరు ఇరవై. ఎండాకాలం, వానాకాలం, తుఫాను వచ్చి ఊరంతా మునిగిన నెల, ఎనిమిదో బావి అడుగు కనపడిన నెల, ఎప్పుడు చూసినా మీటరు ఇరవై. రెండు వందల ఇరవై ఏడు నెలలు. ఒక కడుపున పుట్టిన ఇద్దరు పిల్లలు కూడా పంతొమ్మిదేండ్లు ఒకే ఎడంతో పెరగరు.

అంటే ఆ మొదటి రోజు తర్వాత తొమ్మిదో బావిని ఎవరూ కొలవలేదు.

అది చిన్న విషయమైతే ఇంత చెప్పను. గుణశేఖర్ సార్‌కు పేరు తెచ్చిన పేపర్ ఆ రెండు బావుల మీదే ఉంది. గుట్టకు ఇవతల, మా కాలనీ పక్క, చెక్‌డ్యాం కట్టారు. ఆ నీళ్ళు గుట్ట కిందుగా అవతలి పక్కకు కూడా చేరుతున్నాయని, ఎనిమిది పెరిగితే తొమ్మిది కూడా అంతే పెరుగుతోందని సార్ రాశారు. దాన్ని చూపించి మరికొన్ని గుట్టల దగ్గర ఒక పక్కనే చెక్‌డ్యాములు కట్టించారు. అవతలి పక్క వాళ్ళకు వేరేగా కట్టలేదు.

ఆదివారం చర్చి నుంచి వచ్చాక నాయన అరుగు మీద కూర్చొని చింతపండు గింజలు తీస్తున్నాడు. పక్కన కూర్చున్నాను.

"నాయనా, తొమ్మిదో బావి ఎట్ల కొలిచినావు?"

ఆయన చేతులు ఆగలేదు. "ఎవురన్నా అడిగినారా?"

"ఎవురూ అడగలా. నేనే అడుగుతా ఉండా."

ఇంకో నాలుగు కాయల గింజలు తీశాడు. "గట్టెక్కలేదమ్మా" అన్నాడు.

"వాళ్ళు ఎక్కనీలేదా?"

"వొద్దన్లా. నేనడగలా. అడిగే పని యాడుండాది? మన బావి కాక తక్కినియ్యి సేద్యం బావులు. అది వాళ్ళు తాగేనీళ్ళ బావి. ఆ గట్టు మీద మన కాలు పడింది ఎప్పుడన్నా ఉండాదా? ఆ బావి తవ్వింది మా తాతోళ్ళే. తవ్వేదానికి దిగొచ్చు. నీళ్ళు పడినాక ఎక్కేదానికి లేదు."

"మరి సార్‌కు చెప్పొచ్చు గదా."

"ఎట్ల సెప్పేది? మొదుటి దినం సారే గట్టెక్కినాడు. నేను జీపు కాడ పెట్టె పట్టుకొని నిలబడుండా. ఆ ఇంటి ఆయమ్మ సారుకు మజ్జిగ తెచ్చిచ్చింది. ఎర్రరంగు గుర్తు పెట్టి, 'శాంతయ్యా, నెలనెలా ఈడ నుంచే కొలవాల' అన్నాడు. ఈడంటే యాడ? గట్టు మీదనే గదా. అయ్యా, నేను ఎక్కేదానికి కుదరదు అంటే ఏమయితాది? ఎక్కగలిగేవాన్ని పెట్టుకుంటాడు. ఒక బావికేనా? పద్నాలుగిటికీ."

నేను కూడా ఒక కాయ తీసుకొని గింజ తీశాను.

"ఒకే ఊటమ్మా రెండూ. మా నాయన సెప్పేవాడు. మొదుట్లో గట్టు కింద నిలబడి అడిగేవాన్ని, 'అమ్మా, నీళ్ళు ఎంత దిగినాయి' అని. ఆయమ్మ సేద తాడు సూసి, రెండు మూరలు దిగిందనో, మూర ఎక్కిందనో సెప్పేది. నా లెక్కకు సరిపొయ్యేది. ఒక రెండేండ్లయినాక అడిగేది మానేసినా. ఎనిమిదో బావి కొలిచి మీటరు ఇరవై కలిపి రాసేస్తి." నా వైపు చూశాడు. "సారుకు సెప్పొద్దమ్మా. ఆయన నన్ను నమ్మినాడు."

మూడు రోజులు ఆలోచించాను. పత్రంలో 'కొలిచిన పద్ధతి' అని ఒక గడి ఉంది. అది ఖాళీగా వదిలితే వెబ్‌సైటు తీసుకోదు. అన్ని బావులకూ 'సుద్ద రాసిన స్టీలు టేపు' అని రాసేస్తే ఎవరికీ తెలియదు. కానీ పదకొండు శిక్షణల్లో నేను చెప్పిందేమిటి? తప్పును దాచితే తప్పు, బయటపెడితే అది కూడా సమాచారమే. ఊళ్ళో వాళ్ళ తప్పులు బయటపెట్టమని చెప్పి, మా ఇంటి తప్పు దగ్గరికి వచ్చేసరికి గడి నింపేసుకుంటే నేనేం మనిషిని? పైగా నాకొక ఆశ కూడా ఉంది. ఉన్నదున్నట్టు రాస్తే మిగతా పదమూడు బావులూ నిలబడతాయి, నాయన పేరు కూడా నిలబడుతుందనుకున్నాను.

సార్‌కు చెప్పాను.

సార్ ఆ రెండు గీతలనూ చాలాసేపు చూశారు. కళ్ళద్దాలు తీసి తుడుచుకొని మళ్ళీ చూశారు.

"ఈ గీత చూసి నేను ఎంత సంబరపడినానో తెలుసా అమలా? ఇంత చక్కగా ప్రకృతి మాట్లాడతాదా అని ఇంట్లో ఆమెను పిలిచి చూపించినా." కళ్ళద్దాలు మడిచి పెట్టి అన్నారు, "శాంతయ్య నాకు అబద్ధం రాసినాడు."

"గట్టెక్కే వీలు లేదు సార్ నాయనకు."

"నాకు చెప్పొచ్చు గదా! నేను వాళ్ళతో మాట్లాడుండేవాణ్ణి గదా!"

"మీరు అడగలేదు సార్." నోరు జారింది.

"ఏం అడగాల? టేపిచ్చినా. గుర్తు పెట్టినా. ఇంకేం అడగాల?" సార్ గొంతు పెరిగింది. ఆయన నాటకమాడటం లేదు. పంతొమ్మిదేండ్లలో ఆయనకు ఆ ఆలోచనే రాలేదు. మజ్జిగ తాగుతూ నిలబడిన మనిషికి, జీపు దగ్గర ఇంకొకరు ఎందుకు ఆగిపోయారో కనపడలేదు.

నేను రాసి తెచ్చిన రెండు వాక్యాలు చూపించాను. 'తొమ్మిదో బావి కొలతలు మొదటి నెల మినహా నేరుగా తీసినవి కావు. కొలిచే వ్యక్తికి కులం కారణంగా బావి గట్టు ఎక్కే వీలు లేనందున, ఎనిమిదో బావి కొలతకు మీటరు ఇరవై కలిపి రాసినవి.'

"కులం సంగతి వెబ్‌సైటులో పెడతావా? ప్రపంచమంతా చదివేట్టు?"

"కొలిచిన పద్ధతి రాయాల గదా సార్. పద్ధతి ఇదే."

సార్ కాగితం బోర్లా పెట్టారు. "తొమ్మిది పోతే నా పేపర్ పోతాది. పేపర్ పోతే, ఆ చెక్‌డ్యాములు ఎవుర్నడిగి ఒక పక్కనే కట్టినారంటారు. మేలో రిటైరవుతా ఉండాను నేను." ఆ కాగితం మళ్ళీ తిప్పి చదివారు. తర్వాత మెత్తబడ్డారు. "ఒక పని చెయ్యి. పోయి ఇప్పుడు కొలువు రెండిట్నీ. నాలుగు వారాలు కొలువు. తేడా మీటరు ఇరవై దగ్గరే ఉంటే, శాంతయ్య లెక్క కరెక్టే అని నేనే రాసి పెడతా. పేరు కూడా ఉంటాది."

ఆ గదిలోంచి నేను దాదాపు పరుగెత్తుకుంటూ బయటికి వచ్చాను. రెండేండ్లలో నేను అంత ఆశతో ఉన్న రోజు అదొక్కటే.

శనివారం నాయన పాత టేపు, సుద్దముక్కలు సంచీలో పెట్టుకొని కుప్పుస్వామి గారి ఇంటికి వెళ్ళాను. నాయనకు చెప్పలేదు. కుప్పుస్వామి గారు కాలం చేశారు. ఆయన భార్య పంకజాక్షమ్మ వాకిట్లో వడియాలకు కాపలా కూర్చొని ఉంది.

"ఎవురు పాపా?"

"శాంతయ్య కూతుర్నమ్మా. బావి కొలిచేవాడు."

"ఓ, ఆ సైకిలాయన. కంప్యూటర్ ఉద్యోగం పాపవా? కూసో కూసో." కుర్చీ వేయించింది. స్టీలు గ్లాసులో నీళ్ళు ఇప్పించింది. తాగాను. ఆమె ఏమీ అనుకోలేదు. లేక అనుకున్నా నాకు తెలియలేదు.

"బావి ఒకసారి కొలవాలమ్మా."

"ఏ బావి?"

"ఇంటికాడి బావి. తాగేనీళ్ళది."

ఆమె ట్రాక్టరు నిలబెట్టిన రేకుల షెడ్డు వైపు చెయ్యి చూపింది. "పోయినేడు పూడ్చేస్తిమే. బోరుండాది గదా. ఊరికే కోళ్ళు పడి సస్తా ఉన్నాయి. నాలుగు టిప్పర్ల మట్టి పట్టింది."

లేచి షెడ్డు దగ్గరికి వెళ్ళాను. సిమెంటు నేల. ట్రాక్టరు నూనె మరకలు. గట్టు లేదు, ఎర్ర గుర్తు లేదు. మా వాళ్ళు ఎవరూ కాలు పెట్టని చోట రెండు కాళ్ళతో నిలబడ్డాను. కొలవడానికి అక్కడ ఏమీ మిగల్లేదు. నాయన లెక్క ఒప్పో తప్పో చెప్పగలిగింది ఆ బావి ఒక్కటే.

వెనక్కి వచ్చి అడిగాను, "అమ్మా, మా నాయన ఆ గట్టెక్కి ఎప్పుడూ కొలవలేదంట గదా."

"మేమేమన్నా వొద్దన్నామా? ఆయనే రాలా. కింద నిలబడి అడిగేవాడు, నేను తాడు సూసి సెప్పేదాన్ని. మంచోడు, మర్యాద తెలిసినోడు."

"ఎక్కుతానని అడిగుంటే ఎక్కమనేవాళ్ళా?"

ఆమె వడియాల మీద వాలిన కాకిని తోలింది. తోలాక కూడా కర్ర దించలేదు. "ఆ పొద్దు మా అత్త ఉన్నింది పాపా" అంది చివరికి. నిజం చెప్పినందుకు ఆమె మీద నాకు కోపం రాలేదు. ఏ కాగితం మీదా రాయించుకోలేని నిజం అది. ఎవరూ కాదనలేదు, ఎవరూ అడగలేదు. నేను ఏ గడిలో ఏమని రాయను?

సోమవారం సార్‌కు బావి లేదని చెప్పాను. ఆయన తలూపారు. కొంచెం తేలికపడినట్టు కూడా అనిపించింది, అది నా భ్రమ కావచ్చు. బుధవారం మోహన మేడం పిలిచి ఒక ఉత్తరం నా ముందు పెట్టింది. 'క్షేత్ర సిబ్బంది శాంతయ్య తీసిన కొలతల్లో అవకతవకలు బయటపడినందున, నాణ్యతపై సందేహం ఉన్నందున, పద్నాలుగు బావుల డేటాను బహిరంగపరచడానికి ఇచ్చిన సమ్మతిని వెనక్కి తీసుకుంటున్నాను.' కింద గుణశేఖర్ సార్ సంతకం.

"మేడం, పదమూడు బావులు బాగున్నాయి. నేను పూచీ. తొమ్మిది తీసేసి పెడదాం."

"ఆయన డేటా ఆయనిష్టం అమలా. రూలదే."

"అయితే సార్ పేపర్?"

"పేపర్ జోలికి ఎవురు పోతారు? అచ్చయిపోయిందది."

"ఉత్తరంలో నాయన పేరన్నా తీసేయించండి మేడం."

మేడం కళ్ళు దించుకుంది. "ఫైలు నంబరు పడిపోయింది అమ్మా. డైరెక్టర్ చూసేసినారు." తర్వాత నా చెయ్యి పట్టుకొని, "నేను ముందే చెప్తిని గదా" అంది. చెప్పింది. నిజమే.

లోకమంతా చదివే చోట నాయన పేరు రాయాలనుకున్నాను. ఇప్పుడు ఆ పేరు రాసి ఉంది. ఎవరూ తెరవని ఒక బీరువాలో.

నాయనకు విషయం సగమే చెప్పాను, సార్‌కు తెలిసిపోయిందని. మరుసటి రోజు తెల్ల చొక్కా వేసుకొని, కాలు ఈడ్చుకుంటూ, బస్సెక్కి తిరుపతి వచ్చేశాడు. వస్తున్నట్టు నాకు కూడా చెప్పలేదు. సార్ గది బయట బల్ల మీద పొద్దున నుంచి మూడింటి వరకు కూర్చున్నాడు. నేను రెండుసార్లు టీ తీసుకుపోతే, "పో, నీ పని సూసుకో, ఎవురన్నా సూస్తారు" అన్నాడు. మూడింటికి సార్ బయటికి వచ్చారు. నాయన గోడ పట్టుకొని లేచాడు.

"ఏం శాంతయ్యా, బాగుండావా? మోకాలెట్లుండాది? పుత్తూరు కట్టు కట్టించినావా?"

"కట్టించినా సార్. సార్, ఆ తొమ్మిదో..."

"ఆరోగ్యం చూసుకో అప్పా. వయసయింది మనకు." సార్ నాయన భుజం తట్టి వెళ్ళిపోయారు.

బస్సులో నాయన, "కోపం లేదమ్మా సారుకు. బాగనే మాట్లాడినాడు" అన్నాడు. వడమాలపేట వచ్చేదాకా రెండుసార్లు ఆ మాటే అన్నాడు.

చివరి శిక్షణకు ఇద్దరు వచ్చారు. ఒకాయన గదిలో ఏసీ పనిచేయడం లేదట, అందుకు వచ్చి కూర్చున్నారు. ఇంకొకామె కొత్తగా చేరిన పరిశోధక విద్యార్థిని, శ్రద్ధగా రాసుకుంది. అయిపోయాక దగ్గరికి వచ్చి, "అక్కా, ఇదంతా చేస్తే మా గైడు ఒప్పుకుంటారా?" అని అడిగింది. "ఒప్పుకోకపోవచ్చు" అన్నాను. ఆమె పుస్తకం మూసేసింది.

మార్చి చివర ప్రాజెక్టు నివేదిక పంపాలి. 'బహిరంగపరచిన డేటా ఎన్ని' అనే వరుసలో, 'ఒకటి, ప్రక్రియలో ఉన్నది' అని రాయమంది మేడం. నేను సున్నా రాశాను. మేడం చూసింది, దిద్దలేదు. ఉత్తుత్తి ఫైలు కూడా తీసేసి నా సామాను సర్దుకున్నాను.

ఇంటికి వచ్చేసరికి నాయన అరుగు మీద ఉన్నాడు. సంచీ చూశాడు. అర్థమయినట్టుంది.

"మన బావులు ఎప్పుడు పెడతారు?" అన్నాడు.

ఇక దాచలేకపోయాను. "పెట్టరు నాయనా."

"తొమ్మిదోదా?"

"పద్నాలుగూ."

ఆయన మోకాలు రెండు చేతులతో పట్టుకొని ముందుకు వంగాడు. "తక్కినియ్యి పదమూడూ నేను ఎక్కి కొలిచినియ్యే గదమ్మా" అన్నాడు. "ఏడో దాంట్లో మెట్టు జారి పడితి. మోచెయ్యి సీలుకుపోయింది. ఆ పొద్దు కూడా కొలవకుండా రాలా. పన్నెండో బావి కాడ కుక్క కరిసింది. సూది ఏయించుకొని మళ్ళా పోయి కొలిచినా."

"తెలుసు నాయనా. పుస్తకంలో రాసినావు."

"ఎనిమిదోది మనదే. దాంట్లో ఒక్క అంకె కూడా ఊరికే రాసింది లేదు. రెండొందల ఇరవై ఏడు నెలలూ సుద్ద రుద్ది దించి సూసిందే."

"నాకు తెలుసు నాయనా."

"నీకు తెలిసి ఏం లాభమమ్మా?" అన్నాడు.

కోపంతో కాదు. జవాబు ఉంటే చెప్పమని అడిగినట్టే అడిగాడు.